వలస కార్మికుల భౌతికకాయాల స్వదేశ తరలింపు

బతుకుతెరువు కోసం పరాయి దేశం వెళ్లి అక్కడే కన్నుమూసిన వారి దేహాన్నో, అస్థికలనో అంత్యక్రియల కోసం సొంత ఊరికి చేర్చే ఏర్పాటును భౌతికకాయాల స్వదేశ తరలింపు అంటారు. తెలుగు ప్రాంతాల్లో ఇది ప్రధానంగా గల్ఫ్ వలసతో ముడిపడిన విషయం. ఉత్తర తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, రాయలసీమలో కడప, రాయచోటి, రాజంపేట, కదిరి, కోస్తాలో ఉభయ గోదావరి జిల్లాల పల్లెలకు దశాబ్దాలుగా గల్ఫ్ నుంచి శవపేటికలు వస్తూనే ఉన్నాయి. ఊళ్లలో దీన్ని ‘బాడీ రావడం’ అనే అంటారు. అమెరికా, ఐరోపా దేశాల్లో మరణించే విద్యార్థులు, ఉద్యోగుల తరలింపు ఇటీవలి కాలంలో దీనికి తోడైంది.

మరణించిన వ్యక్తి ఏ వీసా మీద వెళ్లాడు, యజమాని ఎవరు, మరణ ధ్రువపత్రంలో కారణం ఏమని రాశారు, విమానం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి దేహం రెండు మూడు రోజుల్లో ఊరు చేరవచ్చు, నెలలు పట్టవచ్చు, అసలు రాకనే పోవచ్చు.

పూర్వ చరిత్ర

పందొమ్మిదో శతాబ్దంలో గిర్మిట్ (నిర్ణీత కాలపు కూలి) ఒప్పందాల మీద సముద్రం దాటిన తెలుగువారికి ఈ అవకాశం లేదు. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి మారిషస్‌కు కూలీలు వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో నౌక దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరం చేరింది. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు మీదుగా కూలీలను పంపారు. నేటాల్ ఒప్పందంలో పదేళ్లు పూర్తయిన కూలీకి ఉచితంగా తిరుగు ప్రయాణం ఇస్తామన్న షరతు ఉండేది. అది బతికున్న మనిషికి మాత్రమే. చనిపోయిన కూలీని ఎస్టేటు పక్కనే పూడ్చేవారు, దారిలో పోయినవాడిని సముద్రంలో వదిలేసేవారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రంగూన్ మిల్లులకు, రేవులకు వెళ్లిన వారిది వేరే కథ. వారు ఏటా రాకపోకలు సాగించేవారు. కానీ 1942లో జపాన్ దాడి సమయంలో బర్మా నుంచి కాలినడకన బయలుదేరి కొండదారుల్లో రాలిపోయిన వేలాది భారతీయులకు సమాధి కూడా దక్కలేదు.

దేహం దొరకని చావుకు శాస్త్రం ఒక మార్గం చూపింది. దర్భలతోనో మోదుగాకులతోనో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం జరిపి, కర్మకాండ పూర్తి చేయడం ఆ విధి. దూరదేశంలో పోయిన వారి కుటుంబాలు ఎక్కువగా దీన్నే ఆశ్రయించాయి. కబురు అందిన రోజునే చావు రోజుగా లెక్కించి దినాలు చేసిన ఇళ్లూ ఉన్నాయి.

చైనా వలసదారుల ఏర్పాటు

అదే కాలంలో చైనా వలసదారులు మాత్రం తమ మృతులను ఇంటికి చేర్చే పటిష్ఠమైన వ్యవస్థను సొంతంగా నిర్మించుకున్నారు. వలస మృతుల తరలింపుపై చర్చలో ఈ ఉదాహరణ ముఖ్యమైనది కాబట్టి దాన్ని కొంత వివరంగా చూడాలి.

1849 తర్వాత బంగారు గనుల కోసం కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరిన చైనీయుల్లో అత్యధికులు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని కొద్ది జిల్లాల వారు. పూర్వీకుల సమాధుల దగ్గర సంతానం పూజ చేయకపోతే ఆత్మ దిక్కులేనిదై తిరుగుతుందన్నది వారి నమ్మకం. ఒక్కో జిల్లా వారు ఒక్కో సంఘంగా ఏర్పడి చందాలు వసూలు చేసేవారు. స్వదేశానికి తిరిగి వెళ్లే ప్రతి సభ్యుడూ ఓడ ఎక్కే ముందు సంఘానికి బాకీ లేనట్టు చూపించాలి. ఆ చందాల్లో ఒక భాగం ఎముకల తరలింపుకు కేటాయించేవారు. చావు వచ్చాక చేయి చాచే పని లేకుండా, బతికున్న ప్రతివాడూ ముందే చెల్లించే పద్ధతి అది.

మృతదేహాన్ని మొదట అక్కడే పూడ్చేవారు. కొన్నేళ్ల తర్వాత, మాంసం పూర్తిగా మట్టిలో కలిశాక, గోతిని తవ్వి ఎముకలు తీసి, శుభ్రం చేసి, లెక్క సరిచూసి, పేరూ ఊరూ రాసిన పెట్టెలో పెట్టి హాంకాంగ్‌కు పంపేవారు. 1870లో స్థాపితమైన తుంగ్ వా ఆసుపత్రి హాంకాంగ్‌లో ఆ పెట్టెలను దిగుమతి చేసుకుని, భద్రపరచి, ఊళ్లకు కబురు పంపి, బంధువులకు అప్పగించేది. పేద కుటుంబాలకు దారి ఖర్చు కూడా ఇచ్చేది. ఆ సంస్థ శవపేటికల గృహం నేటికీ హాంకాంగ్‌లో ఉంది.

ఈ పనికి వలస దేశాల్లో ఆటంకాలు తక్కువేమీ కాదు. ప్రజారోగ్యం పేరుతో 1878లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం గోతి తవ్వి అవశేషాలు తీయాలంటే 10 డాలర్ల రుసుముతో అనుమతి తీసుకోవాలి. చైనీయులు దాన్ని కోర్టులో సవాలు చేసి 1880లో ఓడిపోయారు. సముద్రంలో జరిగిన విషాదాల్లో వెంట్నర్ నౌక ఉదంతం ప్రసిద్ధం. న్యూజిలాండ్ గనుల్లో, పట్టణాల్లో మరణించిన 499 మంది అవశేషాలతో 1902 అక్టోబరులో బయలుదేరిన ఆ నౌక ఉత్తర దీవి పడమటి తీరంలో హోకియాంగా దగ్గర మునిగిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకలను అక్కడి మావోరీ తెగలు తమ పూర్వీకుల శ్మశానాల్లో పూడ్చిపెట్టి, ఆ కథను తరతరాలుగా చెప్పుకున్నాయి. చైనా సంతతి వారు ఒక శతాబ్దం తర్వాత ఆ ఊళ్లకు వెళ్లి, తమ వాళ్లను కాపాడినందుకు కృతజ్ఞతలు తెలిపారు. 2021లో అక్కడ స్మారకం వెలిసింది.

1937లో జపాన్ దండయాత్రతో ఎముకల రవాణా దెబ్బతింది, 1949 తర్వాత దాదాపు ముగిసింది. కెనడాలోని విక్టోరియా నగరంలో ఓడ కోసం ఎదురుచూసిన పెట్టెలను చివరికి 1961లో హార్లింగ్ పాయింట్ శ్మశానంలో పదమూడు సామూహిక గోతుల్లో పూడ్చారు.

గల్ఫ్ వలస, మరణాలు

1973 చమురు ధరల పెరుగుదల తర్వాత గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. ఎండిన బావులు, కూలిన మగ్గాలు ఉన్న ఉత్తర తెలంగాణ నుంచి మగవారు దుబాయ్, సౌదీ, మస్కట్ బాట పట్టారు. రాయలసీమలో కువైట్ వలస ముందుకొచ్చింది. కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవారు ఇళ్లలో పనికి, మగవారు డ్రైవర్లుగా, వంటవారుగా, గొర్రెల, ఒంటెల కాపరులుగా వెళ్లారు.  

2014 నుంచి 2019 అక్టోబరు వరకు ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 34 వేల మంది భారతీయ కార్మికులు మరణించారని కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో లోక్‌సభకు తెలిపింది. అంటే సగటున రోజుకు పదిహేను మందికి పైగా. గుండెపోటు, పనిచోట ప్రమాదాలు, రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు ప్రధాన కారణాలు. 50 డిగ్రీలకు చేరే ఎండ, ఇరుకు గదుల క్యాంపులు, వీసాకు చేసిన అప్పు, ఇంటికి వెళ్లలేని ఏళ్లు ఈ మరణాల వెనుక ఉంటాయి.

పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు ప్రభుత్వ యంత్రాంగం వేగంగా కదులుతుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. రెండు రోజుల్లోనే భారత వైమానిక దళ విమానం దేహాలను కొచ్చికి చేర్చింది. ఎడారి మధ్యలో ఒంటరిగా గొర్రెలు కాస్తూ పోయిన మనిషికి ఆ వేగం దక్కదు. తరలింపు వ్యవస్థను అంచనా వేయాల్సింది ఇలాంటి ఒంటరి చావుల దగ్గరే.

తరలింపు ప్రక్రియ

గల్ఫ్‌లో మరణం సంభవించిన వెంటనే దేహాన్ని ఆసుపత్రి లేదా పోలీసు మార్చురీకి తరలిస్తారు. ఆసుపత్రిలో సహజ మరణమైతే వైద్యుడి నివేదిక చాలు. గదిలో, రోడ్డు మీద, పనిచోట జరిగితే పోలీసు విచారణ, ఫోరెన్సిక్ పరీక్ష పూర్తయ్యాకే దేహాన్ని విడుదల చేస్తారు. ఆత్మహత్య, హత్య కేసుల్లో ఇది నెలలు సాగవచ్చు.

తర్వాత కాగితాల పని మొదలవుతుంది. స్థానిక మరణ ధ్రువపత్రం, దాని ఆంగ్ల అనువాదం, పోలీసు అనుమతి, యజమాని లేఖ కావాలి. కుటుంబం తరఫున అక్కడ ఎవరు వ్యవహరించాలో తెలిపే సమ్మతి పత్రం ఊరి నుంచి వెళ్లాలి. భార్య, లేకుంటే తల్లిదండ్రులు సంతకం చేసి, నోటరీ చేయించి పంపే ఈ పత్రంలో పేరు ఒక్క అక్షరం పాస్‌పోర్టుతో తేడా వచ్చినా పని ఆగుతుంది. వీటన్నిటినీ చూసి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ పాస్‌పోర్టును రద్దు చేసి, నిరభ్యంతర పత్రం ఇస్తుంది.

ఆ మీదట దేహానికి ఎంబామింగ్ చేస్తారు. ధమనుల ద్వారా ఫార్మాలిన్ ద్రావణం ఎక్కించి దేహం కుళ్లకుండా నిలిపే ప్రక్రియ ఇది. దుబాయ్‌లో సోనాపూర్ ఎంబామింగ్ కేంద్రం పేరు కార్మికులందరికీ తెలుసు. ఎంబామింగ్ ధ్రువపత్రం, శవపేటికను మూసి సీలు వేసినట్టు మరో పత్రం వచ్చాకే విమాన సంస్థ సరుకు విభాగంలో బుకింగ్ దొరుకుతుంది. శవపేటిక ప్రయాణించేది కార్గోగానే, రసీదు కూడా కార్గో రసీదే.

భారత్‌లో దీన్ని 1954 నాటి విమానయాన ప్రజారోగ్య నిబంధనలు శాసిస్తాయి. విమానాశ్రయ ఆరోగ్యాధికారి, కస్టమ్స్ అనుమతి తర్వాత కార్గో సముదాయం దగ్గర బంధువులకు అప్పగిస్తారు. 2017 జులైలో కోళికోడ్ విమానాశ్రయ ఆరోగ్యాధికారి, పత్రాలు 48 గంటల ముందే అందాలని పట్టుబట్టినప్పుడు గల్ఫ్ అంతటా నిరసన చెలరేగి, ఆ ఆదేశం వెనక్కి పోయింది. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ పోర్టల్ ప్రారంభించి అనుమతులను ఆన్‌లైన్ చేసింది.

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో సహజ మరణమైతే కొద్ది రోజుల్లో పని పూర్తవుతుంది. సౌదీ అరేబియాలో వారాలు పట్టడం మామూలే. దేశం విశాలం కావడం, యజమాని జీతం బకాయిలు తేల్చడం, ఇఖామా (నివాస అనుమతి) గడువు ముగిసి ఉండడం, పలు కార్యాలయాల మధ్య కాగితాలు తిరగడం దీనికి కారణాలు.

ఈ దారి మొత్తంలో కుటుంబాన్ని నడిపించేది ఎక్కువగా సామాజిక కార్యకర్తలే. మార్చురీల చుట్టూ తిరిగి, పోలీసుల దగ్గర అరబిక్‌లో మాట్లాడి, రాయబార కార్యాలయం గుమ్మం ముందు నిలబడేది వారే. వేలాది దేహాలను ఇళ్లకు పంపిన అజ్మాన్ నివాసి, కేరళకు చెందిన అష్రఫ్ తామరశ్శేరికి 2015లో ప్రవాసీ భారతీయ సమ్మాన్ లభించింది. తెలుగు కార్మికుల కోసం ఇదే పని చేస్తున్న సంఘాలు దుబాయ్, కువైట్, రియాద్, దోహా, మస్కట్‌లో ఉన్నాయి. వాటి సభ్యుల్లో చాలామంది పగలు డ్రైవర్లు, ఫోర్‌మన్లు, దుకాణదారులు.

ఖర్చు ఎవరిది

ఖర్చు చట్టం ప్రకారం యజమానిది. సౌదీ కార్మిక చట్టంలోని 40వ అధికరణం కార్మికుడి దేహాన్ని సిద్ధం చేసి, ఒప్పందం కుదిరిన చోటికి పంపే ఖర్చు యజమానే భరించాలంటుంది. బంధువుల సమ్మతితో అక్కడే పూడిస్తే మాత్రం ఆ బాధ్యత ఉండదు. ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. పెద్ద కంపెనీలు దీన్ని పాటిస్తాయి. ఇంటి పనివారు, కాపరులు ఉండే చోట యజమాని ఒక వ్యక్తి. అతను ఫోను ఎత్తకపోతే చట్టం అక్కడే ఆగిపోతుంది.

యజమాని చెల్లించనప్పుడు రెండో దారి 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి. కాన్సులర్ సేవల మీద వసూలు చేసే రుసుముతో నడిచే ఈ నిధి నుంచి నిరుపేదల దేహాల రవాణాకు రాయబార కార్యాలయాలు డబ్బు ఇవ్వవచ్చు. అది వలసదారుల సొమ్మే అయినా, ఇచ్చేదీ లేనిదీ అధికారి విచక్షణ మీద ఉండడం దాని ప్రధాన లోపం.

మూడోది బీమా. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు గలవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల పరిహారం, దేహాన్ని తెచ్చే ఖర్చు ఇందులో ఉన్నాయి. అయితే పరిహారం ప్రమాద మరణానికే. గల్ఫ్ మరణ ధ్రువపత్రాల్లో పెద్ద భాగం గుండె, శ్వాస ఆగిపోయాయన్న మాటతో ముగుస్తాయి. ఎవరి చావుకైనా వర్తించే ఆ మాట ఎండదెబ్బను, అలసటను, వైద్యం అందకపోవడాన్ని కప్పేస్తుంది. ముప్పై అయిదేళ్ల ఆరోగ్యవంతుడు నిద్రలోనే పోయినా, అసలు కారణం ఏమిటని అడిగే పోస్టుమార్టం చాలాసార్లు జరగదు. జరపమంటే దేహం రావడం ఇంకా ఆలస్యమవుతుందని కుటుంబమే వెనుకాడుతుంది. ఆ విధంగా త్వరగా దేహం అందడం కోసం కుటుంబం పరిహారాన్ని వదులుకోవలసి వస్తున్నది. ఈ అంశంలో ఇంతకు మించిన అన్యాయం మరొకటి లేదు.

విమాన రవాణా ధర చాలాకాలం తూకం మీద ఉండేది. శవపేటికను కిలోల లెక్కన తూచి డబ్బు తీసుకోవడం మీద గల్ఫ్ ప్రవాసులు ఏళ్ల తరబడి నిరసన తెలిపారు. 2019 జనవరిలో ఎయిర్ ఇండియా ఆ పద్ధతి మాని, దేశానికో స్థిరమైన ధర పెట్టింది. ఎమిరేట్స్ నుంచి పెద్దలకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 750, సౌదీ నుంచి 2,200 రియాళ్లు, కువైట్ నుంచి 175 దినార్లు అప్పటి ధరలు.

చందాలు మాత్రం ఆగలేదు. క్యాంపుల్లో ఊరివాళ్లు, జిల్లావాళ్లు తలా కొంత వేసుకుని పెట్టె పంపడం నేటికీ మామూలు. ఊరి వాట్సాప్ గుంపులో ముందు ఫొటో, తర్వాత వసూలైన మొత్తం కనిపిస్తాయి. చైనా సంఘాల పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ చందా ముందే కట్టిన హక్కు. ఇక్కడ అది చావు తర్వాత దొరికే దయ. పేరున్న ఊరివాడికి త్వరగా పోగవుతుంది, ఒంటరివాడికి పోగవదు.

అనుమతులు లేనివారు

తెలుగు కార్మికులు ‘ఖల్లివెల్లి’ అని పిలుచుకునే వర్గం ఈ వ్యవస్థకు పూర్తిగా బయట ఉంటుంది. యజమాని వేధింపు భరించలేక పారిపోయినవారు, విజిట్ వీసా మీద వెళ్లి ఉండిపోయినవారు, ఏజెంటు మోసంతో కాగితాల్లేకుండా మిగిలినవారు అందులో ఉంటారు. పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేసిన కార్మికుడు చనిపోతే బాధ్యత నాదికాదని ఆ యజమాని చేతులు దులుపుకుంటాడు. బీమా ఉండదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో తెలియదు. కొందరు వేరే పేరుతో పని చేస్తుంటారు కాబట్టి మార్చురీలో ఎవరి దేహమో గుర్తించడమే కష్టం. ఇలాంటి దేహాలు నెలల తరబడి శీతల గదుల్లో ఉండి, చివరికి అక్కడే పూడ్చిపెట్టడానికి కుటుంబం సమ్మతి పత్రం పంపడంతో ముగిసిన సందర్భాలు ఉన్నాయి.

రాని దేహాలు

ముస్లిం కుటుంబాల్లో అక్కడే ఖననం చేయడం సాధారణం. ఖననం ఆలస్యం చేయకూడదన్న నియమం, పవిత్ర భూమిలో సమాధి దక్కడాన్ని పుణ్యంగా భావించడం ఇందుకు కారణాలు. 2025 నవంబరులో మదీనా సమీపంలో బస్సు ప్రమాదంలో మరణించిన నలభై మందికి పైగా హైదరాబాద్ ఉమ్రా యాత్రికులకు అక్కడే అంత్యక్రియలు జరిపి, బంధువులను ఇక్కడి నుంచి పంపారు. దేహం ఇంటికి రావడమే గౌరవమన్న భావన అందరిదీ కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

హిందువులకు దహన సౌకర్యం దుబాయ్‌లోని జబల్ అలీలో, బహ్రెయిన్, ఒమన్‌లలో ఉంది. సౌదీ, కువైట్‌లలో లేదు. అక్కడ ముస్లిమేతరులను పూడ్చాల్సిందే. దహనం చేసిన చోట అస్థికలను మరణ, దహన ధ్రువపత్రాలతో, కాన్సులేట్ అనుమతితో విమానంలో వెంట తెచ్చుకోవచ్చు.

కోవిడ్ కాలం ఈ విషయంలో చేదు అధ్యాయం. 2020 ఏప్రిల్‌లో అబుదాబి నుంచి ఢిల్లీ చేరిన మూడు దేహాలను విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. ఆ ముగ్గురూ కోవిడ్‌తో చనిపోయినవారు కూడా కాదు. దేశవ్యాప్త విమర్శ తర్వాత ఏప్రిల్ 25న హోంశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కోవిడ్‌తో పోయినవారిని మాత్రం దాదాపుగా అక్కడే ఖననం చేశారు. ఎన్నో తెలుగు ఇళ్లలో ఫొటో ముందు దినాలు జరిగాయి.

ఊరు చేరాక

తెలంగాణకు వచ్చే దేహాలు శంషాబాద్‌లో దిగుతాయి. అక్కడి నుంచి ఇంటికి ప్రభుత్వ ప్రవాస విభాగం ఉచిత అంబులెన్సు ఏర్పాటు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సంస్థ ఇదే సేవ అందిస్తున్నది. హిందూపురం, పెనుకొండ, అమరాపురం వైపు వారికి దేవనహళ్లి దగ్గరి బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయమే దగ్గర. హైదరాబాద్ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. గల్ఫ్‌లో బుకింగ్ చేసేవారికి ఈ సంగతి తెలియక పెట్టెను హైదరాబాద్‌కు పంపితే మరో రాత్రి రోడ్డు మీదే గడుస్తుంది. సమ్మతి పత్రంలోనే ఏ విమానాశ్రయానికో రాయడం మంచిది.

ఊళ్లో కర్మకాండ మామూలు వరస తప్పుతుంది. చావు జరిగిన రోజుకూ దేహం వచ్చిన రోజుకూ మధ్య వారాల తేడా ఉంటే మైల ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది పెద్దలు తేల్చాలి. చాలాచోట్ల దహనం లేదా ఖననం జరిగిన రోజు నుంచే దినాలు లెక్కిస్తారు. మడకశిర, అమరాపురం ప్రాంతంలో గణనీయంగా ఉన్న వీరశైవులకు దేహాన్ని కూర్చోబెట్టి సమాధి చేయడం ఆచారం. ఎంబామింగ్ అయి, పడుకున్న స్థితిలో బిగుసుకుపోయి పెట్టెలో వచ్చిన దేహానికి ఆ ఆచారం జరపడం కష్టం. స్నానం చేయించడం, కొత్త బట్టలు కట్టడం కూడా ఎన్నోసార్లు కుదరదు. నెలలు గడిచిన దేహమైతే పెట్టె తెరవవద్దని చెబుతారు. ముఖం చూడని చావును నమ్మడం ఇంటివాళ్లకు కష్టమవుతుంది. గల్ఫ్ నుంచి ఒకరి బదులు మరొకరి దేహం వచ్చిన ఉదంతాలు కేరళలోనూ ఇతర చోట్లా బయటపడ్డాయి కాబట్టి వాళ్ల అనుమానాన్ని తోసిపుచ్చలేం.

దేహంతోపాటు రావాల్సినవి ఇంకా ఉంటాయి. ఆఖరి జీతం, సర్వీసు బకాయి, ప్రమాదమైతే పరిహారం, సౌదీలో హత్య లేదా రోడ్డు ప్రమాదమైతే ‘దియా’ అనే రక్తపరిహారం. వీటికి వారసత్వ ధ్రువపత్రం, ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దేహం అందిన దుఃఖంలో ఈ పని మరిచిపోతే తర్వాత యజమాని దొరకడు.

అమెరికా నుంచి

అమెరికాలో మరణించిన తెలుగువారి విషయంలో చట్టపరమైన చిక్కులు తక్కువ, ఖర్చు ఎక్కువ. శవ సంస్కార గృహం ఎంబామింగ్, పత్రాలు, విమానం అన్నీ చూసి వేల డాలర్ల బిల్లు వేస్తుంది. యజమాని కట్టాలన్న నియమం లేదు. విద్యార్థుల బీమాలో దేహం తరలింపు ఉంటే అది ఎంతో మేలు. లేనప్పుడు ఆన్‌లైన్ విరాళాల సేకరణే దారి. అక్కడి తెలుగు సంఘాలైన తానా, నాట్స్, ఆటాల్లో తానాకు చెందిన టీమ్ స్క్వేర్ విభాగం, నాట్స్ హెల్ప్‌లైన్, ఆటా వాలంటీర్లు కాన్సులేట్‌తో మాట్లాడి పని పూర్తి చేయిస్తారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో మరణించిన హైదరాబాద్ ఇంజినీరు దేహం రోజుల వ్యవధిలో ఇల్లు చేరింది. సంఘబలం, భాష, చదువు ఉన్న వలసకూ అవి లేని వలసకూ మధ్య తేడా చావులోనూ ఇంత స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రభుత్వ పథకాలు

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్ దేశాల్లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించి, 2023 డిసెంబరు 7 నుంచి వర్తింపజేసింది. మరణ కారణంతో నిమిత్తం లేకపోవడం దీనిలోని మేలు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ ద్వారా 50 వేల రూపాయల ఎక్స్‌గ్రేషియా, 10 లక్షల రూపాయల వరకు రక్షణ ఇచ్చే ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉన్నాయి. బీమా స్వచ్ఛందం కావడంతో దాని అవసరం ఎక్కువగా ఉన్న కదిరి, రాయచోటి పల్లెల ఇంటి పనివారికి సంగతే తెలియదు.

కేంద్ర విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో కుటుంబం ఊరి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నమోదైన ప్రతి కేసుకూ రాయబార కార్యాలయం జవాబు చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషి పాస్‌పోర్టు, వీసా, ఇఖామా, బీమా పత్రాల నకళ్లు, యజమాని ఫోను నంబరు ఇంట్లో ఒకచోట ఉంచుకున్న కుటుంబానికి ఆ ఫిర్యాదు ఫలితమిస్తుంది. వెళ్లేవారు ప్రయాణానికి ముందే ఈ కాగితాలు ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి.